టీకాలు, యాంటీబాడీ మందులు, ప్రోటీన్ ఇంజినీరింగ్: తరచుగా అడిగే ప్రశ్నలు

బెంగళూరులో బొమ్మసంద్ర వైపు ఒక ల్యాబులో యాంటీబాడీల మీద, అంటే ఒంట్లో చొరబడిన సూక్ష్మజీవుల్ని పట్టేసే ప్రోటీన్ల మీద, పనిచేస్తాను. ఉండేది కేఆర్ పురం దగ్గర, సగానికి సగం తెలుగువాళ్ళే ఉన్న అపార్ట్‌మెంటులో. లిఫ్టులో, ఉగాది భోజనాల దగ్గర, టిన్ ఫ్యాక్టరీ దగ్గర ఊరి బస్సు కోసం నిలబడ్డప్పుడు, ఎక్కడ దొరికితే అక్కడ నన్ను ఆపి అడిగే ప్రశ్నలివి. కరోనా రోజుల్లో మొదలయ్యాయి, ఇప్పటికీ ఆగలేదు. ఒక్కొక్కరికీ సగం సగం చెప్పే బదులు ఒకచోట రాసిపెట్టాను. నేను డాక్టర్ని కాను. మందు వాడాలా మానాలా అన్నది మీ డాక్టరుగారితోనే తేల్చుకోండి.

ప్రోటీన్ అంటే పప్పూ గుడ్డూ కదా, దానికి ఇంజినీరింగ్ ఏమిటి?

మా అమ్మ ఇప్పటికీ ఇదే అడుగుతుంది. పప్పులో ఉన్నదీ ప్రోటీనే. తిన్నాక దాన్ని కడుపు ముక్కలు ముక్కలు చేస్తుంది, మన ఒంటికి కావలసింది ఆ ముక్కలే. మందుగా ఎక్కించే ప్రోటీన్ మాత్రం ముక్కలు కాకూడదు, మడత చెడకుండా రక్తంలో తిరగాలి. అందుకే ఇన్సులిన్ మింగే మాత్రగా కాక సూదిగా ఇస్తారు.

ప్రోటీన్ ఒక పూసల దండ అనుకోండి. పూసలు 20 రకాలు, వాటినే అమైనో ఆమ్లాలంటాం. ఏ పూస పక్కన ఏ పూస ఉందన్నదాన్ని బట్టి ఆ దండ తనంతట తానే ఒక రూపంలోకి ముడుచుకుంటుంది. ఆ రూపాన్ని బట్టే దాని పని. గుడ్డు ఉడికిస్తే తెల్లసొన గట్టిపడుతుంది చూడండి, అందులో ఒక్క పూస కూడా మారలేదు. మడతలు విడిపోయి, దండలు ఒకదానికొకటి చిక్కుపడ్డాయి. ఇక దాన్ని మళ్ళీ పచ్చిగుడ్డు చెయ్యడం మీ వంటింట్లో అయ్యే పని కాదు.

ఇన్సులిన్‌లో 51 పూసలు. ఒక మామూలు యాంటీబాడీలో 1300 పైచిలుకు. అందులో రెండో మూడో మార్చి, మిగతా మడత కదలకుండా, మనకు కావలసిన గుణం రప్పించడమే మా పని. దండ ఎటు పడితే అటు వంగదు, ఒక్కో మలుపులో కొన్ని కోణాలే కుదురుతాయి. ఏవి కుదురుతాయో 1963లో మద్రాసు విశ్వవిద్యాలయంలో జి.ఎన్. రామచంద్రన్, రామకృష్ణన్, శశిశేఖరన్ లెక్కగట్టి పటం గీశారు. ఈనాటికీ ప్రపంచంలో ఎవరు కొత్త ప్రోటీన్ నిర్మాణం కనిపెట్టినా ఆ రామచంద్రన్ పటం మీద పెట్టి సరిచూసుకోవాల్సిందే. ఆయనే తర్వాత బెంగళూరు వచ్చి 1971లో ఐఐఎస్‌సీలో (భారతీయ విజ్ఞాన సంస్థ) మాలిక్యులర్ బయోఫిజిక్స్ యూనిట్ మొదలుపెట్టారు. యశ్వంతపూర్ రైలు దిగి ఆ గేటు ముందు నుంచే ఆటోలో పోతుంటాం మనలో చాలామందిమి.

టీకా, యాంటీబాడీ మందు ఒకటేనా?

టీకా మీ ఒంటికి వంట నేర్పిస్తుంది. యాంటీబాడీ మందు వండిన క్యారేజీ పంపిస్తుంది. నేర్చుకోవడానికి వారాలు పడుతుంది కానీ విద్య నిలుస్తుంది. క్యారేజీ వెంటనే ఆకలి తీరుస్తుంది, ఖాళీ అయితే మళ్ళీ పంపాలి. పిచ్చికుక్క లోతుగా కరిస్తే రెండూ ఇవ్వడం ఇందుకే. టీకా పని మొదలుపెట్టేలోపు వైరస్‌ను ఆపడానికి గాయం చుట్టూ యాంటీబాడీ పొడుస్తారు. ఒకప్పుడు గుర్రం రక్తం నుంచో, మనుషుల రక్తం నుంచో తీసిన సీరమే దిక్కు. ఇప్పుడు ల్యాబులో తయారైన యాంటీబాడీలు మన దేశంలోనే దొరుకుతున్నాయి.

మందు పేరు చివర 'మాబ్' అని ఉంటుంది, అదేమిటి?

మోనోక్లోనల్ యాంటీబాడీ, అంటే అన్నీ ఒకే అచ్చున ఉండే యాంటీబాడీ, అన్నదానికి కుదింపు. దాని ముందున్న అక్షరాలు పుట్టుక చెప్పేవి. 'ఒమాబ్' అంటే పూర్తిగా ఎలుకది, 'క్సిమాబ్' అంటే కొంత ఎలుక కొంత మనిషి, 'జుమాబ్' అంటే చాలావరకు మనిషిది, 'ఉమాబ్' అంటే పూర్తి మనిషిది. రిటుక్సిమాబ్, ట్రాస్టుజుమాబ్, అడాలిముమాబ్ పేర్లు పైకి చదువుకోండి, వంశవృక్షం వినిపిస్తుంది. 2017 తర్వాత పెట్టిన పేర్లలో ఈ గుర్తులు తీసేశారు, నాకైతే బాధేసింది.

ఈ వరుస వెనక ముప్పై ఏళ్ళ కథ ఉంది. 1975లో కోలర్, మిల్‌స్టైన్ అనే ఇద్దరు ఎలుక కణాన్ని క్యాన్సర్ కణంతో కలిపి, ఒకే రకం యాంటీబాడీని ఎంతకాలమైనా తయారుచేసే కణాన్ని పుట్టించారు. 1986లో మొదటి మందు వచ్చింది కూడా. అయితే ఎలుక ప్రోటీన్ కనపడగానే మన ఒళ్ళు దాని మీదే తిరగబడేది. బ్రిటన్ శాస్త్రవేత్త గ్రెగ్ వింటర్ అదే 1986లో ఒక కిటుకు చూపించాడు. యాంటీబాడీ 'వై' ఆకారంలో ఉంటుంది. ఒక్కో చేతి కొసన ఆరు చిన్న ఉచ్చుల్లాంటివి ఉంటాయి, శత్రువును పట్టేది అవే. ఎలుకవి ఆ ఉచ్చులు మాత్రం తీసి మనిషి యాంటీబాడీకి అంటుకట్టాడు. మామిడికి అంటుకట్టినట్టే, కాండం నాటుది, కొమ్మ బంగినపల్లిది. 2018 రసాయన శాస్త్రం నోబెల్‌లో ఆయనకూ వాటా ఉంది.

టీకా అంటే సూక్ష్మజీవిని చంపి ఎక్కించడమే కదా, ఇందులో ఇంజినీరింగ్ ఎక్కడ?

చంపి ఎక్కిస్తే పనిచేసేవి చాలా ఉన్నాయి. పనిచెయ్యకపోగా ముంచినవీ ఉన్నాయి. ఆర్‌ఎస్‌వీ అనే వైరస్ పసిపిల్లల ఊపిరితిత్తులకు సోకుతుంది. 1960లలో దాన్ని ఫార్మలిన్‌తో చంపి అమెరికాలో పిల్లలకు టీకాగా వేసి చూశారు. వేయించుకున్న పిల్లలకే తర్వాత జబ్బు ముదిరింది, ఇద్దరు చనిపోయారు. ఆ దెబ్బతో ఆ టీకా ఊసు దశాబ్దాలపాటు ముందుకు సాగలేదు.

ఏం జరిగిందో అర్థమవ్వాలంటే బటన్ నొక్కితే తెరుచుకునే మడత గొడుగు గుర్తుచేసుకోండి. వైరస్ ఒంటి మీది ప్రోటీన్ ముడిచిన గొడుగులా స్ప్రింగు బిగించి ఉంటుంది. మన కణం తగలగానే టప్పున విచ్చుకుని, ఆ ఊపులో లోపలికి దూరుతుంది. విచ్చుకున్నాక రూపమే వేరు. మనకు కావలసింది ముడిచిన గొడుగును గుర్తుపట్టి, విచ్చుకోకముందే పట్టేసే యాంటీబాడీలు. చంపిన వైరస్‌లోనేమో చాలావరకు విచ్చుకున్న గొడుగులే ఉన్నాయి. ఒళ్ళు వాటినే నేర్చుకుంది. దొంగ వెళ్ళిపోయాక ఫొటో తీసినట్టయింది.

2013లో మెక్‌లెల్లన్, గ్రాహమ్, క్వాంగ్ బృందం ముడిచి ఉన్న రూపాన్ని పట్టుకుంది. అంతటితో ఆగకుండా అది విచ్చుకోకుండా కట్టేసింది. రెండుచోట్ల సిస్టీన్ పూసలు పెట్టి వాటి మధ్య గంధకం బంధం వేశారు, లోపల ఉన్న బోలును పెద్ద పూసలతో పూడ్చారు. మొత్తం మారింది నాలుగు పూసలు. 2023లో పెద్దవాళ్ళకు వచ్చిన ఆర్‌ఎస్‌వీ టీకాలు ఈ ముడిచిన రూపం మీద కట్టినవే.

కరోనాకు అంత త్వరగా టీకా ఎలా వచ్చిందని అనుమానంగా అడుగుతారే, జవాబులో ఒక భాగం ఇదే. అదే పాఠాన్ని 2017లోనే మెర్స్ అనే పాత కరోనా జాతి వైరస్ మీద రాసి ఉంచారు, మలుపు దగ్గర రెండు ప్రోలీన్ పూసలు పెడితే గొడుగు విచ్చుకోదని. ప్రోలీన్ అన్ని పూసల్లోకీ బిర్రుగా ఉండేది, వంగమంటే వంగదు. కొత్త కరోనా రాగానే దాని ఒంటి మీది స్పైక్ ప్రోటీన్‌లో 986, 987 స్థానాల్లో వాటిని పెట్టారు. ఫైజర్, మోడర్నా, నోవావ్యాక్స్ అన్నిటిలో ఆ రెండు పూసలున్నాయి.

మా ఇంట్లో తలా ఒక టీకా వేయించుకున్నాం. ఏది ఇంజినీరింగ్ చేసినది?

కోవాగ్జిన్ చంపిన మొత్తం వైరస్, పాత పద్ధతి. కోవిషీల్డ్‌లో చింపాంజీ అడినోవైరస్‌ను మోతకూలీగా మార్చారు, అది మోసుకెళ్ళిన జన్యువు చేయించే స్పైక్‌లో ఆ రెండు ప్రోలీన్లు లేవు. కార్బెవ్యాక్స్‌లో స్పైక్ మొత్తం కాక, మన కణానికి అంటుకునే ముక్క ఒక్కటే ఉంటుంది, దాన్ని ఈస్టులో పెంచుతారు. మూడూ ప్రాణాలు కాపాడాయి. పద్ధతి కొత్తదైనంత మాత్రాన టీకా గొప్పదైపోదు.

వ్యాక్సిన్లంటే హైదరాబాద్ కదా, బెంగళూరులో ఏముంది?

ఈ ప్రశ్న ప్రతి ఉగాదికీ కనీసం ఒక మామయ్యగారు అడగాల్సిందే. నిజమే, టీకాల తయారీలో హైదరాబాదుదే పైచేయి. 1997లో వరప్రసాద్ రెడ్డిగారి శాంతా బయోటెక్నిక్స్ హెపటైటిస్-బి టీకా తెచ్చినప్పటి నుంచి ఆ ఊరికి ఆ పేరు. అదీ ఈస్టులో పెంచిన ప్రోటీనే. రిటుక్సిమాబ్‌కు జంటమందు (అసలుదాన్ని పోలేలా వేరే కంపెనీ చేసేది) 2007లోనే డాక్టర్ రెడ్డీస్ తెచ్చింది.

బెంగళూరు వాటా యాంటీబాడీల్లో ఎక్కువ. తల, మెడ క్యాన్సర్లకు నిమోటుజుమాబ్‌ను బయోకాన్ 2006లో తెచ్చింది, క్యూబావాళ్ళతో కలిసి. 2013లో సోరియాసిస్‌కు ఇటోలిజుమాబ్. రొమ్ము క్యాన్సర్ మందు ట్రాస్టుజుమాబ్‌కు అమెరికా ఒప్పుకున్న మొట్టమొదటి జంటమందు 2017 డిసెంబరులో ఈ కంపెనీ, మైలాన్ కలిసి తెచ్చినదే.

ఐఐఎస్‌సీలో రాఘవన్ వరదరాజన్ బృందం, అక్కడే పుట్టిన మిన్వ్యాక్స్ అనే అంకురసంస్థ కలిసి చేసిన పని నాకు మరీ ఇష్టం. కరోనా స్పైక్ ముక్కను వేడికి తట్టుకునేలా మలిచారు. పొడిగా చేసి ఉంచితే 37 డిగ్రీల్లో నెల, 100 డిగ్రీల్లో 90 నిమిషాలు చెడలేదు. మా అనంతపురం ఎండలకు, గంటలకొద్దీ కరెంటు పోయే ఊళ్ళకు ఫ్రిజ్ అక్కర్లేని టీకా అంటే ఏమిటో వేరే చెప్పాలా? మైనస్ 70 డిగ్రీల పెట్టెల గురించి పేపర్లన్నీ రాస్తున్న రోజుల్లో వీళ్ళు పొయ్యి మీద కుండ గురించి ఆలోచించారు.

యాంటీబాడీ శత్రువుకు గట్టిగా అతుక్కుంటే చాలు కదా, ఇన్నేళ్ళు ఎందుకు పడుతుంది?

నేను కూడా ఇలాగే అనుకుని ఈ ఉద్యోగంలో చేరాను.

నా మొదటి ప్రాజెక్టులో దొరికిన యాంటీబాడీకి పట్టు అద్భుతం. పట్టుకున్నది వదిలేది కాదు. కొన్నాళ్ళు కాలరెగరేసుకు తిరిగాను. తర్వాత దాన్ని చిక్కగా చెయ్యమన్నారు. పొట్ట మీద చర్మం కింద ఇచ్చే సూదిలో ఒకటి రెండు మిల్లీలీటర్లకు మించి పట్టదు, మోతాదంతా అందులోనే ఇమడాలి. అంటే మిల్లీలీటరుకు 100 మిల్లీగ్రాములు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ. ఆ గాఢతకు వచ్చేసరికి నా యాంటీబాడీ తేనెలా సాగింది. రాత్రి ఫ్రిజ్‌లో పెట్టి పొద్దున్నే తీస్తే జున్ను! గిన్నె తిప్పినా కదల్లేదు. మా మేనేజరుగారు ఏమీ అనలేదు, ఒక చెంచా తెచ్చి బల్ల మీద పెట్టి వెళ్ళారు.

తప్పు ఎక్కడుందంటే, శత్రువును పట్టే ఉచ్చుల పక్కనే జిడ్డు పూసలు రెండు మూడు బయటికి తేలి ఉన్నాయి. నీళ్ళలో నూనెచుక్కలు ఒకచోట చేరినట్టు, ఒక యాంటీబాడీ జిడ్డు ఇంకోదాని జిడ్డును వెతుక్కుంది. నాకు గొప్పగా కనిపించిన పట్టులో కొంత ఆ జిడ్డుదే. ట్రిప్టోఫాన్ అనే జిడ్డు పూస ఒకటి తీసి, జిడ్డు లేని సెరీన్ పెడితే జున్ను తగ్గింది, పట్టూ కాస్త తగ్గింది. ఆ బేరానికి ఒప్పుకున్నాం.

పట్టు ఒక్కటే ఉంటే పెళ్ళిచూపుల్లో నెగ్గినట్టు. తర్వాత కాపురం చెయ్యాలి. ఏళ్ళతరబడి సీసాలో ముద్ద కట్టకూడదు. ఆస్పరజిన్ అనే పూస పక్కన గ్లైసీన్ అనే పూస వస్తే ఆ ఆస్పరజిన్ మెల్లగా వేరే పూసగా మారిపోతుంది, అలాంటి జంట ఉచ్చుల్లో ఉండకూడదు. కణాలు దాన్ని పుష్కలంగా తయారుచెయ్యాలి. ఒంట్లో వేరే ప్రోటీన్లకు అంటుకోకూడదు. ఒకటి సరిచేస్తే ఇంకొకటి చెడుతుంది. కాపురం చేసే కళ కాలు తొక్కేనాడే తెలుస్తుందంటారు, మా యాంటీబాడీల విషయంలో ఆ సామెత చెల్లదు. ఆరునెలలు ఫ్రిజ్‌లో ఉంచితే గానీ తెలియదు.

పిల్లలకు ఆర్‌ఎస్‌వీకి ఒక్క సూదే, అయిదు నెలలు పనిచేస్తుందట. ఎలా?

నిర్సెవిమాబ్ గురించి అడుగుతున్నారు. మామూలు యాంటీబాడీ రక్తంలో మూడు వారాలకు సగమవుతుంది. రక్తనాళాల కణాలు ప్రోటీన్లను మింగి అరిగించేస్తుంటాయి, యాంటీబాడీని మాత్రం ఆ కణాల్లోనే ఉండే ఒక గ్రాహకం (పట్టుకునే ప్రోటీన్) పట్టుకుని మళ్ళీ రక్తంలోకి వదిలేస్తుంది. ఆ పట్టు కణం లోపలి పులుపులోనే బిగుసుకోవాలి, బయటికి రాగానే వదిలెయ్యాలి. యాంటీబాడీ కాండంలో మూడు పూసలు మార్చి ఆ లోపలి పట్టును పెంచారు. సగమయ్యే కాలం రమారమి 70 రోజులకు పెరిగింది. ఆ యాంటీబాడీ పట్టేది కూడా పైన చెప్పిన ముడిచిన గొడుగు కొసనే.

ఇంత ఖరీదెందుకు? జంటమందు నాసిరకమా?

పారాసెటమాల్ రసాయనాలతో చేస్తారు. యాంటీబాడీని జీవకణాలు చెయ్యాలి, ఎక్కువగా చైనా హ్యామ్‌స్టర్ (ఎలుకలాంటి జంతువు) అండాశయం నుంచి వచ్చిన కణాలు. వాటికి మేత, గాలి, వేడి అన్నీ సమపాళ్ళలో అందిస్తూ రెండు వారాలు స్టీలు ట్యాంకుల్లో సాకాలి. తర్వాత వడపోతలు. అందులో మొదటి వడపోతకు వాడే పదార్థమే బంగారం ధర పలుకుతుంది. వీటన్నిటికీ తోడు పేటెంటు, పరీక్షల ఖర్చు.

బయోసిమిలర్, అంటే నేను జంటమందు అంటున్నది, నాసిరకం కాదు. పూసల వరుస అసలుదానిదే. కణాలు వేరు కాబట్టి ప్రోటీన్‌కు అంటుకునే చక్కెరల అమరికలో చిన్న తేడాలుండవచ్చు, అవి పనిని మార్చడం లేదని వరసగా పరీక్షలు పెట్టి నిరూపించాలి. మన దేశంలో వీటికి 2012 నుంచి విడిగా నిబంధనలున్నాయి, 2016లో సవరించారు. మా పెద్దమ్మకు జంటమందే ఎక్కించారు, నేనే సరేనన్నాను.

ఏఐ వచ్చింది కదా, మీ ఉద్యోగం ఉంటుందా?

మా బావమరిది వైట్‌ఫీల్డ్‌లో సాఫ్ట్‌వేర్. అతని ఉద్యోగం గురించి నేనూ ఇదే అడుగుతుంటాను.

వంద పూసల దండను ఎన్ని రకాలుగా గుచ్చవచ్చో లెక్కేస్తే విశ్వంలోని అణువుల సంఖ్యను దాటిపోతుంది. అన్నీ చేసి చూడటం ఎవరివల్లా కాదు. 2020లో ఆల్ఫాఫోల్డ్ అనే ఏఐ ప్రోగ్రామ్ పూసల వరుస చూసి మడత చెప్పేసింది. డేవిడ్ బేకర్ బృందం దానికి ఎదురుదారిలో, కావలసిన మడతకు పూసలు వెతుకుతుంది. 2024 నోబెల్ ఈ రెండు దారులకూ వచ్చింది. బేకర్‌వాళ్ళు కంప్యూటర్లో గీసిన బంతిలాంటి ప్రోటీన్ నిర్మాణం మీద కట్టిన కరోనా టీకాకు 2022లో దక్షిణ కొరియా అనుమతిచ్చింది కూడా.

మా ల్యాబులో రోజూ వాడతాం. వెయ్యి నమూనాలు పిప్పెట్‌తో చెయ్యాల్సినచోట యాభైతో సరిపెడుతున్నాం. యాంటీబాడీ ఉచ్చులు మాత్రం దానికింకా కొరకరాని కొయ్యలే, అవి మెత్తగా కదులుతుంటాయి. అదీగాక అది అతుక్కుంటుందో లేదో చెబుతుంది కానీ, జున్ను అవుతుందో లేదో చెప్పడంలో ఇంకా తడబడుతోంది.

పాముకాటు మందు గుర్రం నుంచే ఎందుకు? యాంటీబాడీ చెయ్యలేరా?

మా వైపు వేరుశెనగ చేలలో పనిచేసేవాళ్ళ ప్రశ్న ఇది, నాకు అన్నిటికన్నా నచ్చిన ప్రశ్న కూడా. గుర్రానికి కొద్దికొద్దిగా విషం ఎక్కించి, దాని రక్తంలో పుట్టిన యాంటీబాడీలు తీసి మనకు ఇవ్వడం 1890ల నాటి పద్ధతి. మన దేశంలో నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్న పింజరి నాలుగింటికీ కలిపి ఒకటే మందు. గుర్రం ప్రోటీన్ పడక కొందరికి ఒళ్ళు దద్దుర్లు లేస్తుంది, కొందరికి ఊపిరాడదు.

ఐఐఎస్‌సీలో కార్తీక్ సునగర్ ల్యాబు, అమెరికాలోని స్క్రిప్స్ సంస్థతో కలిసి 2024లో ఒక మనిషి యాంటీబాడీని ప్రకటించింది. నాగుపాము, కట్లపాము జాతుల విషాల్లో, ఆఫ్రికా బ్లాక్ మాంబా విషంలో ఉండే ఒక రకం నరాల విషాన్ని అది ఎలుకల్లో ఆపింది. పింజరుల విషం దారి వేరు, దానికి వేరే యాంటీబాడీలు కలపాలి. ఆసుపత్రికి ఇంకా రాలేదు. ఈలోపు పాము కరిస్తే నాటువైద్యం, కత్తిగాట్లు, గట్టి కట్లు ఏవీ వద్దు, కాలు కదపనివ్వకుండా ఆసుపత్రికి తీసుకెళ్ళండి. అక్కడున్న గుర్రం మందే ఈరోజుకు ప్రాణదాత.

ఇలాంటి మందులతో ప్రమాదాలు జరగలేదా?

జరిగాయి. 2006 మార్చిలో లండన్‌లో టీజీఎన్1412 అనే యాంటీబాడీని ఆరుగురు ఆరోగ్యవంతులకు మొదటిసారి ఎక్కించారు. కోతుల్లో ఏ హానీ చెయ్యని మోతాదులో 500వ వంతే ఇచ్చారు. గంటల్లో ఆరుగురూ ఐసీయూలో పడ్డారు, ప్రాణాలు మాత్రం దక్కాయి. మనిషి కణాలు కోతి కణాల్లా స్పందించలేదు. అప్పటి నుంచి కొత్త మందు మొదటిరోజు ఒక్కరికే ఇచ్చి, ఆగి చూసి, ఆ తర్వాతే రెండోవారికి ఇస్తున్నారు.

మా అబ్బాయి బయోటెక్ చదువుతానంటున్నాడు, పంపమంటారా?

డబ్బు తొందరగా కావాలంటే వద్దు. ఉత్త డిగ్రీతో జీతం తక్కువ, ఎమ్మెస్సీ కనీసం ఉండాలి. జేఆర్‌ఎఫ్ (పరిశోధన చేసేవాళ్ళకిచ్చే ఫెలోషిప్) వస్తే నెలకు 37,000 స్టైపెండుతో పీహెచ్‌డీ చేసుకోవచ్చు. ఐఐఎస్‌సీ, ఎన్‌సీబీఎస్ (జీవశాస్త్ర పరిశోధన సంస్థ) రెండూ ఈ ఊళ్ళోనే. కోర్సు పేరు చూసి మోసపోకండి, ఆ కాలేజీలో పిల్లలు ప్రోటీన్‌ను చేత్తో శుద్ధిచేస్తారా, వీడియో చూపించి పంపిస్తారా కనుక్కోండి. కాస్త పైథాన్ వస్తే మంచిది, కన్నడ వస్తే ఇంకా మంచిది.

మా పిన్నికి యాంటీబాడీ సూది బెంగళూరులో కొని, బస్సులో ఊరికి తీసుకెళ్ళాలి. ఐసులో పెట్టొచ్చా?

నేరుగా ఐసుకు తగలనివ్వొద్దు. దాదాపు ఈ మందులన్నీ 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. వేడి తగిలితే చెడుతుందని అందరికీ తెలుసు, గడ్డకట్టినా చెడుతుందని చాలామందికి తెలియదు. నీళ్ళు గడ్డకడుతున్నప్పుడు ప్రోటీన్ ఒక మూలకు నెట్టుకుపోయి ముద్దకడుతుంది. ఒకసారి గడ్డకట్టినదాన్ని కరిగించి వాడకూడదు. మందులషాపులో ఇచ్చే చల్లపెట్టెలో ఐస్ ప్యాక్‌కు, అట్టపెట్టెకు మధ్య తువాలు మడత వేసి పెట్టండి. డిక్కీలో పడేయకుండా ఒళ్ళో పెట్టుకోండి, ఊపొద్దు, కుదుపుకు నురగ వచ్చినా మడత చెడుతుంది. ఇంటికెళ్ళాక ఫ్రిజ్ తలుపులో పెట్టొద్దు, డీప్ ఫ్రీజర్‌కు ఆనుకునీ వద్దు, మధ్య అరలో పెట్టండి. ఎక్కించే ముందు వెలుతురుకు పట్టి చూడమని నర్సుగారికి చెప్పండి. కొన్ని మందులకు కాస్త పాలరంగు సహజమే, పెట్టెలోని కాగితంలో రాసి ఉంటుంది. తేలే తునకలు కనపడితే మాత్రం ఆ సీసా వాడొద్దు, పెట్టెతో సహా షాపుకు తిరిగి తీసుకెళ్ళండి.